ఎడారిలో దొరకిన కుక్కపిల్ల

మన పల్లెలలో వీధికుక్కకు యజమాని లేకపోయినను వీధి యున్నది. ఒక యింటివారు రాత్రి మిగిలిన యన్నము పెట్టుదురు; వేఱొక యింటివారు అరుగుప్రక్క పడుకొననిత్తురు; పిల్లలు దానికొక పేరు పెట్టి పిలుచుచుందురు; ఊరికి క్రొత్తవాడు సందు మొగదలకు వచ్చెనా, అది మొఱిగి పదిమందికి తెలియజేయును. దానిని పెంచుచున్నామని చెప్పుకొనువాడొక్కడును లేడు, అయినను అది పెరుగుచునే యుండును. ఈ యేర్పాటువలన కుక్కకు గాని మనుష్యులకు గాని కీడు లేదని నేననను. కాట్లును, గజ్జియు, లారీలక్రింది చావులును అందఱెఱిగినవే. నేను చెప్పవచ్చినది వేఱు. జీవనోపాధికై గల్ఫునకు పోయిన తెలుగువాడు ఆవకాయ జాడీతోపాటు ఈ యలవాటునుగూడ వెంట గొనిపోవును. దుబాయి శివారులలో కట్టుచున్న భవనముప్రక్క, నీళ్ళ ట్యాంకరు నీడలో పడుకొని యొగర్చుచున్న కుక్కపిల్ల కంటబడగానే, చేతిలోని చపాతీని సగము త్రుంచి కాగితముమీద పెట్టి, రేపును ఇట్లే పెట్టుదమనుకొని, పుణ్యము చేసితినన్న తృప్తితో బస్సెక్కును.

అచ్చట ఆ సగము చపాతీ పుణ్యము చెల్లదు. వీధిజంతువులకు ఆహారము పెట్టుటను దుబాయి మునిసిపాలిటీ నిషేధించినది. నిషేధింపకపోయినను, ఎనిమిది వరుసల రహదారికిని అద్దాల మేడలకును నడుమ మనమెఱిగిన వీధి యనునదే లేదు గనుక, పిల్లను పదిమంది పంచుకొని పెంచు మార్గము మొదటనే మూసికొనిపోయినది. కుక్కయన్న తరువాత అది యొక యింటిదై, మెడపట్టీకి మునిసిపాలిటీ బిళ్ళయు చర్మముక్రింద మైక్రోచిప్పును గలదై యుండవలెను. లేదా పట్టుకొనిపోవు బండికి దొరకవలసినదై యుండవలెను. కావున పరదేశమున దిక్కులేని కుక్కపిల్లపై జాలి కలిగినవాడు సగము సాయము చేయలేడు. తెచ్చుకొన్నచో పూర్తిగా తెచ్చుకొనవలెను, లేనిచో తెచ్చుకొనువారికి అప్పగింపవలెను.

ఈ పూర్తి యెంతమాత్రమో ముందు లెక్క చూచుకొనుడు. ఆ దేశమున ఉద్యోగి వీసా సాధారణముగా రెండేండ్లకు ఇత్తురు. కుక్క, ఆరోగ్యముగా పెరిగెనేని, పండ్రెండు పదమూడేండ్లు బ్రతుకును. రెండేండ్ల కాగితముమీద నిలిచిన మనుష్యుడు పదమూడేండ్ల ప్రాణమునకు మాట యిచ్చుచున్నాడన్నమాట. అందువలన ఈ విషయమున మొదట ఆలోచింపవలసినది పిల్లను ఇంటికి తెచ్చు దినమునుగూర్చి కాదు; మీరా దేశము విడుచు దినమునుగూర్చి. కంపెనీ మూతపడి నెలరోజులలో సామాను సర్దుకొనవలసివచ్చినచో ఈ ప్రాణి యెచ్చటికి పోవును? మీతో హైదరాబాదునకా, వేఱొక దేశమునకా, అచ్చటనే యున్న మిత్రుని యింటికా? ఆ మిత్రుని పేరు నేడే చెప్పగలరా, ఆ మాట అతనికి తెలియునా? ఈ ప్రశ్నలకు తడుముకొనక జవాబు చెప్పగలిగిననాడు తక్కినవన్నియు, అనగా టీకాలును తిండియు శిక్షణయు, నేర్చుకొన్న వచ్చెడి సంగతులే. ఒక గదిలో ఆర్గురు ఎనమండ్రు పడకలు పంచుకొను బెడ్‌స్పేసు కాపురమున నున్నవారు జవాబుకొఱకు వెదకనే యక్కఱలేదు. వారిలో ఒక్కనికి ఇష్టము లేకపోయినను, ఒక్కనికి ఉబ్బసమున్నను, ఆ పిల్లకు అచ్చట చోటులేదు. ఫ్లాటు మొత్తము తామే అద్దెకు తీసికొన్నవారును అద్దె ఒప్పందములో పెంపుడు జంతువులనుగూర్చి యేమి వ్రాసియున్నదో చదివి, యజమాని సమ్మతిని నోటిమాటగా కాక వ్రాతపూర్వకముగా తీసికొనవలెను. వాచ్‌మన్ ఫరవాలేదన్నాడు గదా యనుకొనుట పనికిరాదు, వాచ్‌మన్ మారును.

ఇంత చెప్పినందున దయకు తలుపు మూయుచున్నానని భావింపవలదు. తెచ్చుకొనలేనివాడు చేయదగిన పనులు లేకపోలేదు. దుబాయిలో 1989నుండి స్వచ్ఛంద సేవకుల చేయూతతో నడచుచున్న కే-9 ఫ్రెండ్స్ వంటి ఆశ్రయములున్నవి. వారికి ఎల్లప్పుడు చోటు చాలదు గనుక, శాశ్వతమైన యిల్లు దొరకువఱకు కొన్ని వారములు పిల్లను తమ యింట నుంచుకొని సాకువారు వారికి మిక్కిలి యవసరము. ఈ తాత్కాలిక పోషణము పెంపకముకంటె తక్కువ యని మనవారిలో ఒక చిన్నచూపున్నది. నాకు అది సరిగా తోచదు. వెళ్ళిపోవు దినము తెలియనివాడు చేయగల మేలులలో ఇంతకంటె నిజాయతీ గలది లేదు.

మహాభారతమున కథ యింకను మొదలు కాకమునుపే, జనమేజయుని యజ్ఞశాలలో, తప్పు చేయని కుక్కపిల్లను రాజు తమ్ములు కొట్టినందున దాని తల్లి సరమ వచ్చి నిలదీయును. కథ ముగియబోవు వేళ, వెంటవచ్చిన కుక్కను విడిచి రథమెక్కనని ధర్మరాజు పట్టుబట్టును. అంతటి గ్రంథమునకు అటు ఇటు కుక్కను కాపలా పెట్టిన కవి హృదయమును పండితులు వ్యాఖ్యానింతురు గాక, మనకు పనికివచ్చు సంగతి యొకటున్నది: ధర్మరాజు పరీక్ష కుక్క వెంటబడినపుడు కాదు, రథము వచ్చినపుడు. ఆయనతో వాదించినవాడు దేవేంద్రుడు గనుక వాదము తొందరగనే తెమలినది. మనము వాదింపవలసినది విమాన సరకుల విభాగపు గుమాస్తాతో.

ఇక తెచ్చుకొన నిశ్చయించినవాని సంగతి. పిల్లను ఒట్టిచేతులతో ఎత్తవలదు. అది మిమ్ము ప్రేమించుటకు ముందు భయపడును, భయపడినది కఱచును, దాని పాలపండ్లు సూదులవంటివి. మందమైన తువ్వాలు పైనవేసి, తలమాత్రము బయటకుంచి చుట్టి, అట్టపెట్టెలో పెట్టుడు. కఱచినను, గోటితో గీరినను, పారు నీటిక్రింద సబ్బుతో పదునైదు నిమిషములు, గడియారము చూచుకొని, కడిగి, ఆ దినముననే వైద్యునికి చూపించుకొనవలెను. కారము నూఱిపెట్టుట, సున్నము పట్టించుట, పసుపద్దుట మన పెద్దల చికిత్సలు. వానివలన గాయము మండునే గాని రేబిస్ విషాణువు చావదు. ఆ వ్యాధి లక్షణములు పొడసూపిన పిదప దాదాపు ఎవ్వరును బ్రతుకరు, వానికి ముందు వేసికొన్న టీకా యించుమించుగా ఎప్పుడును తప్పదు. ఇంతటి భేదమున్నచోట సంకోచించుటకు తావులేదు.

వైద్యునికడకు పోవులోపల మీరే కొంత చూడవచ్చును. పై పెదవిని మెల్లగా ఎత్తి చిగురును చూడుడు. గులాబివన్నె నున్న చిగురును వ్రేలితో అదిమి విడిచినచో తెల్లబడి, రెండు సెకన్లలోపల మరల రంగు తిరుగును. ఆలసించెనేని, లేక చిగురు మొదటనే పాలిపోయి యుండెనేని, పిల్ల నీరసించినది, తెల్లవాఱువఱకు ఆగరాదు. భుజముల నడుమ చర్మమును పట్టి పైకెత్తి విడువుడు. అది వెంటనే జాఱి సర్దుకొనక ముడతగా నిలిచినచో ఒంట నీరు తగ్గినది. చెవుల లోపలి మడతలను, కాలివ్రేళ్ళ సందులను వెదకినచో పిడుదులు కనబడును. నెత్తురు త్రాగి బూడిదరంగున ఉబ్బినవి కొన్ని, నువ్వుగింజంతటివి కొన్ని. చిన్నపిల్లకు ఇవి యెక్కువైనచో నెత్తురు లేకయే ప్రాణము పోవచ్చును. కిరసనాయిలు పూసి గాని అగ్గిపుల్ల కాల్చి గాని వానిని పెఱుకబోకుడు. చిమ్మటతో చర్మమునకు ఆనించి పట్టి తిన్నగా లాగుడు. పండ్లు లెక్కించినచో వయసు కొంత తెలియును: పాలపండ్లు మూడవ వారమునుండి ఆఱవ వారములోపల మొలచును, మొత్తము ఇరువదియెనిమిది, ముందుపండ్లు మూడు నాలుగు నెలలకు ఊడి గట్టివి వచ్చుట మొదలగును.

వైద్యశాలలో మొదట చేయింపవలసిన పని టీకా కాదు. మెడవెనుక మైక్రోచిప్పున్నదేమో యంత్రముతో చూడుమని యడుగవలెను. తప్పిపోయిన పిల్లకు ఏడ్చుచున్న యజమాని యుండవచ్చును. మనము రక్షణ మనుకొన్నది అపహరణము కాగూడదు. చిప్పు లేనిచో వేయించి, ఆ పిమ్మటనే రేబిస్ టీకా వేయింపుడు. ఈ వరుస తలక్రిందులైనచో, ముందు వేసిన టీకా ఏ కుక్కదో నిరూపణ లేదని కొన్ని దేశములవారు దానిని లెక్కలోనికి తీసికొనరు, మరల వేయింపవలసివచ్చును. రేబిస్ టీకాకు సామాన్యముగా పండ్రెండు వారముల వయసు నిండవలెను. పార్వో, డిస్టెంపరు మొదలగు వ్యాధుల టీకాలు అంతకుముందే, ఆఱెనిమిది వారములకు మొదలుపెట్టి మూడు నాలుగు వారములకొకటిగా పదునాఱు వారములు నిండువఱకు వేయుదురు. 1978లో లోకమునకు తెలియవచ్చిన ఆ పార్వో అనునది కుక్కపిల్లలకు మృత్యువే: వాంతులు, నెత్తురు విరేచనములు, రెండు మూడు దినములలో అంతము. నేలమీద నెలల తరబడి బ్రతికియుండును, సబ్బునకు లొంగదు, బ్లీచింగు కలిపిన నీటికి లొంగును. అందువలన టీకాలు ముగియువఱకు పిల్లను ఇతర కుక్కలు తిరుగుచోట దింపవలదు. మొదటి దినములలో పలకలు పఱచిన స్నానపు గదియే దానికి తగిన పడకగది.

ఆఁకలి చూచి కడుపునిండ పెట్టుట మన జాతి బలహీనత. మాడిన కడుపునకు కొంచెము కొంచెముగా దినమునకు నాలుగు మాఱులు పెట్టవలెను. ఆవుపాలు అనేక పిల్లలకు అఱుగక విరేచనములగును. ఒక చెంచా పెరుగన్నమువలన ప్రమాదము లేదు గాని, పప్పుచారు కలిపిన యన్నము మాత్రము వలదు. అందలి యుల్లియు వెల్లుల్లియు కుక్క నెత్తుటిలోని ఎఱ్ఱకణములను చెఱచును. ద్రాక్ష, కిస్‌మిస్, చాక్లెట్టు, చక్కెర లేని చూయింగుగములోని జైలిటాలు, ఇవన్నియు విషములే. శెలవునాటి బిరియానీ యెముకలు ప్రేమతో పెట్టుదురు. ఉడికిన యెముక చీలికలై పేగునకు గ్రుచ్చుకొనును. కుక్కపిల్లలకని అమ్ము ఆహారము కొని పెట్టుట సోమరితనము కాదు.

గల్ఫులో అన్నిటికంటె పెద్ద శత్రువు ఎండ. ఏటేట జూన్ 15 మొదలు సెప్టెంబరు 15 వఱకు మధ్యాహ్నము పండ్రెండున్నరనుండి మూడు గంటలవఱకు ఆరుబయట ఎండలో కూలిపని చేయింపరాదని దుబాయి గల దేశపు ప్రభుత్వము శాసించినది. ఒళ్ళంత చెమట పట్టి చల్లబడగల మనుష్యునికే ఈ కట్టడి యవసరమైనపుడు, అఱకాళ్ళ మెత్తలలో తప్ప చెమట పట్టని, నాలుక జాఁచి యొగర్చుటయే గతియైన ప్రాణికి ఆ వేళ యెట్టిదో యూహింపవచ్చును. వేసవిలో షికారు సూర్యోదయమునకు ముందు, మరల రాత్రి బాగుగ ప్రొద్దుపోయిన తరువాత. అప్పుడును మీ అరచేతి వెనుకభాగమును కాలిబాటపై ఏడు సెకన్లు ఆనించి చూడుడు. మీరోర్వలేనిది దాని పాదములును ఓర్వలేవు. వడదెబ్బ తగిలి నోట చొంగ కారుచు తూలినచో వెంటనే నీళ్ళు పోసి, గాలి విసరి, వైద్యునికడకు పరుగెత్తవలెను. ఇందొక చిక్కున్నది. అచ్చటి కాపురస్థు లందఱెఱిగినదే: మేడపై ట్యాంకులలో నీరు కాఁగి, వేసవిలో చన్నీళ్ళ కుళాయినుండి వేన్నీళ్ళు వచ్చును. అందుచేత గీజరు కట్టివేసి దానిలోని నీటినే చల్లని నీరుగా వాడుకొందురు. కుక్క యున్న యింట ఏ.సీ. గదిలో ఎల్లవేళల రెండు బక్కెట్ల నీరు నిలువ యుండవలెను.

ఇరుగుపొరుగు మాట. 2016లో వచ్చిన ఆ దేశపు సమాఖ్య చట్టము ప్రకారము కుక్కకు లైసెన్సు కావలెను, బహిరంగ స్థలములలో త్రాడు తప్పనిసరి; అతిక్రమించిన జుల్మానా వేల దిర్హములలో నుండును. చట్టము చెప్పని మర్యాద యొకటి కలదు. కుక్క చొంగ తగిలినచో నమాజునకు ముందు శుద్ధి చేసికొనవలెనని ముస్లిములలో పలువురు భావింతురు. ఈ విషయమున మతశాఖలకు అభిప్రాయభేదము లున్నను, లిఫ్టులో నిలిచినవాడు ఏ శాఖవాడో మనకేల? ముందు వారిని పోనిచ్చి, తరువాతి లిఫ్టులో, పిల్లను చంకనెత్తుకొనియో త్రాడు పొట్టిగా పట్టుకొనియో పోవుట మేలు. దీనిని చూచి అచ్చటివారికి కుక్కలన్న దయలేదనుకొనుట అవివేకము. దప్పిగొన్న కుక్కకు తన జోడుతో బావినుండి నీళ్ళు తోడిపోసినవాని పాపములు క్షమింపబడినవన్న కథ ప్రవక్త మాటగా హదీసులలో నున్నది. వేటకు వెంటనడచిన సలూకీ జాతి కుక్క అరబ్బుల యభిమానధనము. మీకు దొరకిన పిల్ల పొడుగు కాళ్ళనో, సన్నని నడుమునో ఆ సలూకీ రక్తము కొంత యుండవచ్చును.

ఆ పొడుగుకాళ్ళ పిల్ల తొలివారము సోఫావెనుక దాగును. జాన్ పాల్ స్కాట్, జాన్ ఫుల్లర్ అను అమెరికా శాస్త్రజ్ఞులు ఏండ్లపాటు కుక్కపిల్లలను పరిశీలించి 1965లో ప్రకటించిన గ్రంథము ప్రకారము, మూడవ వారమునుండి పండ్రెండవ వారమువఱకు గల కాలముననే పిల్ల మనుష్యులను తనవారినిగా గుర్తించుట నేర్చును. ఎడారిలో ఆ కాలము గడచిపోయిన పిల్లకు లిఫ్టు గంట, మిక్సీ చప్పుడు, తలపాగ చుట్టినవాడు, అన్నియు భయకారణములే. బయటకు లాగబోకుడు. నేలమీద దానికి ప్రక్కవాటుగా కూర్చుండి, దానివైపు చూడక, ఉడికిన కోడిమాంసపు తునుకలు ఒక్కొక్కటి విసరుచు, మీ పుస్తకమేదో మీరు చదువుకొనుడు. తునుకల వరుస మీకు దగ్గఱగుకొలది అదియు దగ్గఱగును. దీనికి వారములు పట్టవచ్చును, కొన్ని పిల్లలకు నెలలు పట్టును. తొందరించినవాడు మొదటికి వచ్చును. కూర్చో, రా అను మాటలతోపాటు చేతి సైగలనుగూడ నేర్పుట మంచిది. రేపు తెలుగు రాని యింటికి పోవలసివచ్చినను సైగ అర్థమగును.

ఎట్టకేలకు వీసా ముగియును. పరదేశమున రెండేండ్లు ఎడతెగక నివసించి స్వదేశమునకు కాపురము మార్చుకొనువారు పెంపుడు జంతువులను రెంటివఱకు తెచ్చుకొనుటకు భారత ప్రభుత్వము అనుమతించుచున్నది. ఆ గడువు నిండనివారికి దిగుమతి లైసెన్సు కావలెను, అది ప్రయాసతో కూడిన పని. రెండేండ్ల వీసా, రెండేండ్ల నియమము పక్కపక్కన పెట్టి చూచినచో, పరదేశమునకు పోయిన తొలియేట పిల్లను తెచ్చుకొన్న తొందరపాటు విలువ తెలియును. కుక్క దిగదగిన విమానాశ్రయములు కొన్నియే; మనవారికి హైదరాబాదు, చెన్నై, బెంగళూరు అనుకూలములు. జంతు నిర్బంధ పరీక్షా కేంద్రమువారి నిరాక్షేపణ పత్రము ముందుగా తెప్పించుకొనవలెను. రేబిస్ టీకా ప్రయాణమునకు నెలకు పూర్వము, ఏడాది లోపల వేయించినదై యుండవలెను. బయలుదేఱు దేశపు ప్రభుత్వ పశువైద్యుని ఆరోగ్యపత్రము వెంట నుండవలెను. అమెరికాకు పోవువారు 2024 ఆగస్టు 1నుండి ఆఱు నెలలు నిండని కుక్కను ఆ దేశము రానీయదని గుర్తుంచుకొనవలెను. విమానపు ప్రయాణికుల గదిలో కుక్కకు చోటు దొరకునని ఆశింపకుడు. ఎమిరేట్స్ సంస్థవారు కొన్ని పాకిస్థాను మార్గములలో డేగను సీటుప్రక్కన కూర్చుండనిత్తురు గాని కుక్కకు, అంధులకు తోడుండు సేవాకుక్కకు తప్ప, ఆ గౌరవము లేదు. అది సరకుల భాగముననే రావలెను. మండు వేసవిలో జంతువులను ఎక్కించుకొనని విమానములు అనేకము గనుక, ప్రయాణము శీతకాలమునకు పెట్టుకొనుట క్షేమము.

పంజరము కుక్క నిటారుగా నిలిచి, తిరిగి, కాళ్ళు చాఁచి పడుకొనగలిగినంతటిది కావలెను. దానిని ప్రయాణపు వారమున కొనితెచ్చుట కంటె క్రూరత్వము లేదు. పిల్ల యింటికి వచ్చిన నాటినుండియే తలుపు తీసి గదిమూల పెట్టి, అన్నము అందులోనే పెట్టుచుండినచో, విమానమెక్కునాటికి అది దాని యిల్లే యగును. నిద్రమందు ఇయ్యరాదు, ఆకాశమున ఊపిరి మందగించును. దిగిన తరువాత చాలమంది మఱచు పని యొకటి మిగిలియున్నది: మైక్రోచిప్పు వివరములలో నమోదై యుండునది మీ దుబాయి ఫోను నంబరు. హైదరాబాదులో దీపావళి టపాసులకు బెదరి కుక్క గోడ దూకినచో, దొరకినవాడు ఆ నంబరునకే ఫోను చేయును. విమానము దిగిన వారములోపల అందు భారతదేశపు నంబరును, ఊరిలో ఎప్పుడును ఫోనెత్తు బంధువు నంబరును వ్రాయింపుడు.